ఇష్టంగా చేస్తే భారం తెలియదా?

మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంటికి పలకరింపుకు వచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి ఒక మాట అంటారు: "ఇష్టంగా చేసుకుంటే భారం అనిపించదమ్మా. చేసుకున్నంత పుణ్యం." అన్నవాళ్ల మనసులో చెడు లేదు. ధైర్యం చెబుతున్నామనే అనుకుంటారు. ప్రవచనాల్లో, వాట్సాప్‌లో తిరిగే సందేశాల్లో, మాతృదినోత్సవం నాటి పత్రికల్లో ఇదే మాట రకరకాలుగా వినిపిస్తుంది. ఇంటి ఇల్లాలు తలూపి లోపలికి వెళ్తుంది.

ఈ మాట తప్పని, పైగా హాని చేస్తుందని నా వాదన. దీన్ని ఒప్పుకుంటే, అలసిపోయిన మనిషి తనకు ప్రేమ చాలలేదని ఒప్పుకున్నట్టే. అలా ఒప్పుకోవడానికి ఎవరికి మనసొస్తుంది? అందుకని నోరు విప్పదు. ఆమె నోరు విప్పనంత కాలం ఇంట్లో మిగిలిన నలుగురికీ, ఆసుపత్రికీ, ప్రభుత్వానికీ తాము చేయాల్సిన పనేదీ కనబడదు.

అసలు ఆ పని ఏమిటో ముందు చూడాలి. పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన పెద్దావిడను ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రిలో చెప్పే జాగ్రత్తల్లో ఒకటి, "రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూ ఉండండి" అని. లెక్క వేస్తే రోజుకు పన్నెండు సార్లు. అందులో రాత్రి పదికి, పన్నెండుకి, రెండుకి, నాలుగుకి నాలుగు సార్లు. తిప్పడమంటే చెయ్యి పట్టి లాగడం కాదు. లాగితే తుంటి దగ్గర చర్మం దుప్పటికి ఒరుసుకుని చితుకుతుంది, పుండు అక్కడే మొదలవుతుంది. ఒంటి కింద మడతపెట్టిన పాత చీర ఒకటి ఎప్పుడూ పరిచి ఉంచాలి. మోకాలు మడిచి, భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి వేసి, ఒళ్లంతా ఒకేసారి దొర్లేలా తిప్పాలి. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఇంకోటి పెట్టాలి. మడమలు పరుపుకు ఆనకుండా చూడాలి. డైపర్ తడిసి ఉంటే తుడవాలి, తడి ఆరనివ్వాలి, కొత్తది వేయాలి, అప్పుడు మళ్లీ అటు తిప్పి ఇటు తిప్పాలి. ముక్కులోంచి గొట్టం వేసి ఉంటే తల వైపు ఎత్తుపెట్టి, వడకట్టిన జావ నెమ్మదిగా దించాలి. ఆ జావ దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా.

ఆసుపత్రిలో ఇది నర్సులు మూడు షిఫ్టుల్లో చేసే పని. వాళ్లు దానికి చదువుకుని వచ్చారు, డ్యూటీ అయ్యాక ఇంటికి వెళ్తారు. ఇంట్లో అదే పనిని ఒక్క మనిషి చేస్తుంది. ఆమెకు ఎవరూ నేర్పింది లేదు. చేతిలో ఉన్నది ఇంగ్లీషులో రాసిన డిశ్చార్జి కాగితం. దాంతోపాటు వంట, పిల్లల క్యారేజీలు, మందుల షాపు ఆమెవే. ఇష్టం ఎంత ఉన్నా అరవై కిలోల ఒళ్లు అరవై కిలోలే బరువుంటుంది. నాలుగు ముక్కలుగా తెగిన నిద్రను ఏ భక్తీ అతికించలేదు.

ఒంట్లో సత్తువ ఉండి జ్ఞాపకం పోయినవాళ్ల సంగతి ఇంకో రకం. దేశవ్యాప్త సర్వే ఆధారంగా 2023లో వచ్చిన అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో ఉన్నారు. ఊళ్లో దాన్ని ఇప్పటికీ "పెద్దతనం మతిమరుపు" అంటారు. అన్నం తిని చెయ్యి కడుక్కున్న పది నిమిషాలకు, "పొద్దుట్నుంచి నాకు పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు" అని అత్తగారు చూడ్డానికొచ్చిన ఆడపడుచుతో చెబుతుంది. తన గొలుసు కోడలు తీసిందంటుంది. ఆ గొలుసు ఎప్పుడో పాతికేళ్ల కిందట కూతురికే ఇచ్చిన సంగతి ఆమెకు గుర్తు లేదు. జబ్బు అలా అనిపిస్తుందని కోడలికి తెలుసు. వచ్చిన ఆడపడుచు మాత్రం వదిన ముఖంలోకి ఒకసారి చూసి, దుప్పటి ఎత్తి, "పుండ్లేమన్నా పడ్డాయా?" అని పరీక్ష చేస్తుంది. ఆ చూపుకు జవాబు చెప్పే దారి ఆ ఇల్లాలికి లేదు. చెబితే అత్తగారి మీద చాడీ అవుతుంది, ఊరుకుంటే నేరం ఒప్పుకున్నట్టవుతుంది.

ప్రేమ ఉంటే భారం ఉండదన్న మాట నిజమో కాదో కొలిచి చూసినవాళ్లున్నారు. స్టీవెన్ జారిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1980లో అమెరికాలో డిమెన్షియా రోగులను ఇంట్లో చూసుకుంటున్న 29 మందిని కూర్చోబెట్టి అడిగారు. సేవ చేసేవాళ్ల భారాన్ని కొలవడానికి ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న ప్రశ్నావళి అక్కడే పుట్టింది. వాళ్లు ఊహించింది ఏమిటంటే, జబ్బు ఎంత ముదిరితే చూసుకునేవాళ్లకు అంత భారంగా ఉంటుందని. అలా తేలలేదు. రోగికి ఎంత మతి పోయింది, ఎంత అల్లరి చేస్తాడు అన్నదానికీ భారానికీ గట్టి సంబంధం కనబడలేదు. కనబడింది ఒక్కదానితోనే: కుటుంబంలో మిగతావాళ్లు ఎంత తరచుగా ఆ ఇంటికి వస్తున్నారు అన్నదానితో. రాకపోకలున్న ఇంట్లో భారం తక్కువ, ఎవరూ రాని ఇంట్లో ఎక్కువ. చిన్న అధ్యయనమే. కానీ మంచం పక్కన నాలుగు నెలలు గడిపిన ఏ మనిషిని అడిగినా ఇది నిజమేనంటుంది. అక్కడ కరువైంది ఇష్టం కాదు, రెండో మనిషి.

1999లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఇంకో అధ్యయనం వచ్చింది. జబ్బుపడ్డ భర్తనో భార్యనో చూసుకుంటున్న వృద్ధులను నాలుగేళ్లపాటు గమనించారు. సేవ చేస్తూ ఒత్తిడికి లోనైనవాళ్లలో, అలాంటి పని లేని తమ ఈడు వాళ్లకంటే, మరణించే అవకాశం 63 శాతం ఎక్కువని తేలింది. వీళ్లు జీవితమంతా కలిసి బతికిన భార్యాభర్తలు. ఇష్టం లేదని వీళ్లను ఎవరనగలరు? సేవ చేస్తున్నా ఒత్తిడి లేదని చెప్పినవాళ్లలో ఆ తేడా కనబడలేదు కదా అని ఎవరైనా అడగొచ్చు. నేనూ అదే అంటున్నాను. ప్రాణం మీదికి తెచ్చేది సేవ కాదు, ఒత్తిడి. అలాంటప్పుడు "నాకు కష్టంగా ఉంది" అన్న మాటను వినాలా, పాపమని నోరు నొక్కాలా?

"చిన్నప్పుడు నీ మలమూత్రాలు ఎత్తలేదా" అన్నది ఇంకో వాదన. ఎత్తారు. ఆ రుణం ఉంది. ఎవరూ కాదనడం లేదు. అయితే రెండు పనులూ ఒకటేననడం మాత్రం నిజం కాదు. పుట్టిన బిడ్డ మూడు కిలోలు. నెలలు గడిచేకొద్దీ మెడ నిలుపుతుంది, పాకుతుంది, నడుస్తుంది, తల్లి చేతుల్లోంచి ఒక్కో పని దించుతుంది. మంచాన పడ్డ పెద్దవాళ్ల విషయంలో అంతా ఇందుకు ఎదురుగా సాగుతుంది. ఈ నెల చెంచాతో తిన్న మనిషి వచ్చే నెల తినలేడు. అన్నిటికంటే పెద్ద తేడా చివర్లో ఉంది. బిడ్డను పెంచే పని ముగిసేది బిడ్డ ఎదగడంతో. ఈ పని ముగిసేది చావుతో.

అందుకే ఆ ఇల్లాలికి ఒక రాత్రి రెండు గంటలప్పుడు, తడిసిన దుప్పటి చేత పట్టుకుని నిలబడ్డప్పుడు, "ఇది ఎప్పటికి తెములుతుంది దేవుడా" అనిపిస్తే, ఆ తలపుకు అర్థం ఏమవుతుందో ఆమెకు వెంటనే తెలుస్తుంది. తను అడిగింది కాస్త నిద్ర. కానీ ఆ ఇంట్లో ఆమె నిద్రపోవాలంటే మంచంలోని మనిషి పోవాలి. వేరే దారి ఎవరూ ఉంచలేదు. ఒక్క క్షణం తొంగిచూసిన ఆ తలపును నెలల తరబడి దాచుకుంటుంది, తాను పాపిష్టిదాన్ననుకుంటుంది. వారానికి రెండు రాత్రులు ఇంకెవరైనా ఆ గదిలో పడుకుని ఉంటే ఆ తలపు వచ్చేదే కాదు. ఆమె నిద్రకూ అత్తగారి ప్రాణానికీ పోటీ పెట్టింది జబ్బు కాదు, ఇంట్లో మిగిలినవాళ్లు.

పైగా రుణం ఎవరిది? అత్తగారు పెంచింది కొడుకును. ఎత్తిపోస్తున్నది కోడలు. ఆమె కన్నతల్లి ఇంకో ఊళ్లో ఇలాగే మంచంలో ఉంటే అక్కడ అన్న భార్య చేస్తోంది. ఎవరి తల్లికి వాళ్లు చేసుకునే వీలు లేకుండా ఆడవాళ్లను అటూ ఇటూ మార్చి, దాన్ని రుణం తీర్చుకోవడం అంటున్నాం. మంచంలో ఉన్న భార్యకు ఏళ్ల తరబడి తలదువ్వి అన్నం తినిపించే భర్తలు ఉన్నారు, తల్లికి అన్నీ తానే చేసే కొడుకులూ ఉన్నారు. వాళ్లను తక్కువ చేయను. కానీ దేశం లెక్క ఎలా ఉందో చూడండి. 2024 కాల వినియోగ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల వయసు ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ చూస్తుంటే, మగవాళ్లలో 21.4 శాతం. చూసేవాళ్లలోనూ ఆడవాళ్లు రోజుకు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇందులో పిల్లల పని కూడా కలిసే ఉంది. పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర "తల్లిని మహారాణిలా చూసుకున్నాడు" అన్న పేరు కొడుక్కి వస్తుంది. అప్పుడు కోడలు వడ్డిస్తూ ఉంటుంది.

శ్రవణకుమారుణ్ణి చూపిస్తారు. కావడిలో తల్లిదండ్రులను మోసిన కొడుకు అని. ఆ కథను చివరిదాకా చదవాలని నా మనవి. కళ్లు లేని ఆ ఇద్దరికీ అతనొక్కడే దిక్కు. దప్పికన్నారని చీకట్లో ఒంటరిగా ఏటికి వెళ్లాడు, దశరథుడి బాణం తగిలింది. అతను పోయాక వాళ్లిద్దరికీ ఇంకెవరూ లేరు. వాళ్లూ ప్రాణాలు విడిచారు. మూడు ప్రాణాల బరువూ ఒక్క భుజం మీద ఉన్నప్పుడు ఆ భుజానికి ఏమైనా అయితే అందరూ పోతారని ఆ కథలోనే ఉంది. మనం కావడి దగ్గరే కథ ఆపేసి పిల్లలకు నీతి చెబుతున్నాం.

ఇక ఉమ్మడి కుటుంబం. అది ఉండి ఉంటే ఈ గోల ఉండేది కాదంటారు. ఆ రోజుల్లో పక్షవాతం తీవ్రంగా వచ్చిన మనిషి ఇన్నేళ్లు మంచంలో బతికేవాడు కాదు. పుండు పట్టినా, ఊపిరితిత్తులకు చీము పట్టినా కొద్ది రోజుల్లో పోయేవాడు. ఇవాళ మందులున్నాయి, గొట్టాలున్నాయి, మనిషి బతుకుతున్నాడు. అది మంచి విషయం, దాన్ని వదులుకోం. ఆ ఇంట్లో ఐదుగురు కోడళ్లున్నా అందరిలో చిన్నదానికో, విధవగా పుట్టింటికి వచ్చిన ఆడపడుచుకో ఆ గది అప్పజెప్పేవారన్నదీ నిజం. ఇప్పుడైతే పంచుకోవడానికి మనుషులే లేరు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక స్త్రీకి పిల్లలు 1.7, తెలంగాణలో 1.8. ఉన్న ఇద్దరిలో ఒకరు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటారు. డబ్బు పంపుతారు, పొద్దున్నా సాయంత్రం వీడియోలో పలకరిస్తారు. ఆ డబ్బుతో అటెండెంటును పెట్టుకుంటే, ఏ వెనకబడ్డ పల్లె నుంచో వచ్చిన అమ్మాయి ఇరవై నాలుగు గంటల డ్యూటీలో మంచం పక్కన చాప మీద పడుకుంటుంది. అక్కడా రెండో మనిషి లేదు. మనిషి మారింది, అంతే.

చట్టం ఏం చేసిందంటే, దండించడానికి ముందుకు వచ్చింది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పెద్దవాళ్లను గాలికి వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నెలకు 10,000 దాటకుండా భరణం ఇప్పించవచ్చు. 2019లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు ఈ బాధ్యతను కోడళ్లకూ అల్లుళ్లకూ చుట్టాలని చూసింది, కానీ ఆ సభ గడువు ముగిసేలోగా చట్టం కాలేదు. 2025 అక్టోబరులో తెలంగాణ ముఖ్యమంత్రి గ్రూప్-2 నియామక పత్రాలు అందజేస్తూ, తల్లిదండ్రులను పట్టించుకోని ఉద్యోగుల జీతంలో కొంత భాగం కోసి ఆ తల్లిదండ్రుల ఖాతాలో వేసేలా చట్టం తెస్తామన్నారు. కన్నవాళ్లను రోడ్డు మీద వదిలేసినవాళ్లకు శిక్ష పడాల్సిందే. కానీ వదలకుండా చూసుకుంటున్న లక్షలమందికి వీటిలో ఏముంది? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి పిల్లల కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉంది. తల్లి మంచాన పడితే అలాంటి ప్రత్యేక సెలవు లేదు, తన సొంత సెలవులు కరిగించుకోవాలి. ప్రైవేటు ఉద్యోగమైతే మానేయడమే.

ఇంట్లో చేసే పనికి విలువ ఉందని మన న్యాయస్థానాలు అనకపోలేదు. 2021 జనవరిలో, ప్రమాదంలో మరణించిన ఒక గృహిణి నష్టపరిహారం కేసులో, సుప్రీంకోర్టులో జస్టిస్ ఎన్.వి. రమణ 2019 కాల వినియోగ సర్వేను ఉటంకిస్తూ ఆడవాళ్లు జీతంలేని ఇంటిపనిపై రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తీర్పులో రాశారు. పెద్దవాళ్ల సంరక్షణను కూడా ఆ పనిలో లెక్కించారు. అయితే ఆ విలువ కట్టింది ఆ మనిషి చనిపోయాక. బతికున్న ఆమెకు కట్టేవాళ్లు కావాలి. బ్రిటన్‌లో 1976లో రోగుల సంరక్షకులకు భత్యం పెట్టినప్పుడు పెళ్లయిన ఆడవాళ్లకు ఇవ్వబోమన్నారు. ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కదా అన్నది అక్కడి పెద్దల ధీమా. తల్లి కోసం ఉద్యోగం మానేసిన జాకీ డ్రేక్ అనే ఆవిడ యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లి 1986లో గెలిచింది. మనకు దేశమంతటా వర్తించే అలాంటి భత్యం ఇంకా లేదు, కానీ ఆ ధీమా మాత్రం నిండుగా ఉంది.

భారమని ఒప్పుకుంటే పిల్లలు తల్లిదండ్రులను వృద్ధాశ్రమాలకు తోసేస్తారని భయపడేవాళ్లున్నారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ చాలా ఆశ్రమాలు తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లనే చేర్చుకుంటాయి, మంచాన పడినవాళ్లను చేర్చుకోవు. కాబట్టి మంచాన పడిన మనిషి ఇంట్లోనే ఉంటారు, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. తేడా ఏమిటంటే, ఒప్పుకోని ఇంట్లో అలసట కసురుగా బయటికొస్తుంది. చెంచా గట్టిగా నోట్లోకి తోయడంగా, పిలిచినా వినబడనట్టు ఊరుకోవడంగా, డైపర్ ఇంకో రెండు గంటలు ఆగనివ్వడంగా మారుతుంది. దాని దెబ్బ తినేది నోరులేని రోగి. పెద్దవాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. "ఎవరి చేతా చేయించుకోకుండా పోవాలి" అని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేది వాళ్లే. సేవలో భారమే లేకపోతే మన పెద్దలు ఇంతగా ఎందుకు భయపడతారు?

చేయగలిగినవి ఉన్నాయి, కొన్ని జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 పింఛను ఇస్తున్నారు. అది రోగి పేరున వచ్చినా, పగటిపూట ఒక మనిషిని సాయానికి పెట్టుకునే వీలు ఇస్తుంది. దాన్ని గట్టిగా మెచ్చుకుంటున్నాను. తెలంగాణలో 'ఆలన' వాహనాల్లో నర్సులు ఇళ్లకు వెళ్లి మంచాన ఉన్నవాళ్లను చూసి వస్తున్నారు. కేరళలో 1993లో కోళికోడ్‌లో చిన్న క్లినిక్‌గా మొదలైన పాలియేటివ్ (రోగి బాధ తగ్గించే సేవ) ఉద్యమం 2008 నాటికి రాష్ట్ర విధానమైంది. అక్కడ వాడవాడనా వాలంటీర్లు రోగి ఇంటికి వెళ్తారు. మంచంలోని మనిషిని చూసుకునేవాళ్ల పేరునే నెలకు 600 రూపాయలిచ్చే 'ఆశ్వాసకిరణం' పథకమూ అక్కడ ఉంది. 600 ఏ మూలకూ రాదు. అయినా రోగిని దాటి, పక్కన నిలబడ్డ మనిషిని ఒక ప్రభుత్వం చూసింది.

మన దగ్గర ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ నాలుగు మంచాలు ఇందుకోసమే ఉంచాలి. సేవ చేసే మనిషికి జ్వరమొస్తే, కూతురి పురుడొస్తే, లేదా ఊరికే నిద్ర కావాలంటే, వారం పది రోజులు రోగిని అక్కడ చేర్చుకోవాలి. డిశ్చార్జి చేసే ముందు తిప్పడం, తుడవడం, గొట్టంలో జావ పోయడం నర్సు దగ్గరుండి చేయించాలి, అదీ ఇంటి నుంచి వచ్చిన ఇద్దరి చేత. ఆ ఇద్దరిలో ఒకరు మగవాళ్లై ఉండాలని ఆసుపత్రి పట్టుబడితే ఇంకా మంచిది. ఇవన్నీ వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటి ఇంట్లోనే ఉంది. శుక్రవారం, శనివారం రాత్రుళ్లు కొడుకు ఆ గదిలో పడుకోవాలి, రెండు గంటలకో అలారం పెట్టుకుని. ఆడపడుచు వచ్చినప్పుడు దుప్పటి ఎత్తి చూడ్డంతో ఆపకుండా వారం ఉండి, వదినను పుట్టింటికి పంపాలి. అమెరికాలో ఉన్న తమ్ముడు ఏడాదికి వచ్చే మూడు వారాల్లో రెండు వారాలు అమ్మ మంచం పక్కనే ఉండాలి. అప్పుడు గుమ్మంలో నిలబడి ఇష్టం గురించి, పుణ్యం గురించి ఎవరు మాట్లాడినా ఆ ఇల్లాలు నిలబడి వింటుంది.